నిలబడితేనే ఐసు

ఐసు ఫ్యాక్టరీ పెద్దాయనకి లోకంలో ఏ బాధకైనా మందు ఒక్కటే. కాలు బెణికితే ఐసు, పన్ను సలిపితే ఐసు, కరెంటు పోయి పక్కింటివాళ్లు ఉడికిపోతుంటే వాళ్ల వరండాలో ఓ నిలువెత్తు ఐసు గడ్డ. పెళ్లైన కొత్తలో భార్య అలిగి గది తలుపేసుకుంటే, గుమ్మం ముందు కూడా ఒక గడ్డ పెట్టి పోయాడట. అది కరిగి నీళ్లు లోపలికొచ్చి పరుపు తడిసిందని ఆవిడ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. చేపల మార్కెట్టుకీ పాల డిపోకీ ఏళ్ల తరబడి ఐసు పోస్తున్న మనిషి. అలాంటివాడికి చల్లదనం గురించి ఇంకొకరు పాఠం చెప్పడమా!

అందుకే కోచ్ మేడం ఇంటికొచ్చి, "ఎండలో పోటీ కదా, మీ కోడలి ఒంటిని ఎలా చల్లబరచాలో మాట్లాడదామని వచ్చాను," అనగానే ఆయన కాలు మీద కాలేసుకుని వెనక్కి వాలాడు.

కోడలు నడక పోటీల మనిషి. నడక పోటీ అనగానే కిసుక్కున నవ్వేవాళ్లుంటారు. వాళ్లని పట్టుకొచ్చి, రెండు పాదాలూ ఒక్కసారిగా నేల వదలకుండా, ముందుకేసిన కాలి మోకాలు వంచకుండా, మామూలోళ్లు పరిగెత్తినా అందుకోలేని వేగంతో ఇరవై కిలోమీటర్లు నడవమనాలి. మొదటి కిలోమీటరు దాటకముందే ఆ నవ్వు కాస్తా నడుం నొప్పిగా మారుతుంది.

కిందటేడు ఇలాంటి ఎండల్లోనే జరిగిన పోటీలో ఆ పిల్ల ఆఖరి చుట్టులో కుప్పకూలింది. ముట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలిపోయింది. కళ్లు తెరిచింది ఆసుపత్రిలో, మర్నాడు. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు: "ఇంకోసారి ఇలా పడితే లేపడం నా చేతుల్లో ఉండకపోవచ్చు." ఇంట్లో అందరూ నడక మానెయ్యమన్నారు. ఆ పిల్ల సరేననలేదు, కాదనీ అనలేదు. నెల తిరిగేసరికి మళ్లీ బూట్లు కట్టుకుంది.

ఈ ఏడు పోటీ ఇంకా పెద్దది. మొదటి ముగ్గురు దేశం తరఫున పెద్ద పోటీలకి వెళతారు. అవి మళ్లీ వచ్చేది నాలుగేళ్ల తర్వాత. ముప్ఫై దాటిన మనిషికి అప్పటికి కాళ్లు మాట వింటాయో లేదో ఎవరు చెప్పొచ్చారు! మూడో స్థానమైనా చాలు, అంతకన్నా ఆ పిల్ల ఏమీ కోరుకోవడం లేదు.

"ఎండని ఓడించలేం బాబాయ్‌గారూ, మోసం చెయ్యాలి," అంది కోచ్ మేడం. "పోటీకి ముందే ఒళ్లు కాస్త చల్లబరిస్తే వేడెక్కడం ఆలస్యమవుతుంది. దానికో ఐసు జాకెట్టు కావాలి. నడిచేటప్పుడు తాగడానికి ఐసు పొడి నీళ్లు, మెడకి ఐసు మూట."

"ఐసు జాకెట్టే కదా! రేప్పొద్దున్నకి తయారు," అన్నాడు పెద్దాయన.

భార్య కుట్టుమిషను ముందు కూర్చుని, పాత బొంత కత్తిరించి, చేతుల్లేని జాకెట్టు కుట్టి ముందూ వెనకా జేబులు పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. దాన్ని తడిపి ఇంట్లో ఫ్రిజ్జులో పెట్టుంటే సరిపోయేది. కానీ ఫ్రిజ్జంటే ఆయనకి చిన్నచూపు. అది కూరగాయలు దాచుకునే బీరువా అంటాడు. ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ల తొట్టి ఉంది. ఉప్పు కలిస్తే నీళ్లు గడ్డకట్టకుండానే ఐసుకన్నా చల్లగా తయారవుతాయి. ఆ నీళ్లలోకే డబ్బాలు దించి గడ్డలు పోస్తారు. పెద్దాయన జాకెట్టుని నీళ్లలో ముంచి ఒక డబ్బాలో కుక్కి, ఆ డబ్బాని తొట్టిలోకి దించి, చేతులు దులుపుకుని ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాడు.

పొద్దున బయటికి తీస్తే జాకెట్టు గచ్చు మీద తనంతట తనే నిలబడింది.

"కూర్చోమని చెప్పండి, టీ పెట్టుకొస్తాను," అంది భార్య.

వేసుకోవాల్సిన కోడలు మాత్రం కిక్కురుమనలేదు. మామగారి మాటకి అడ్డు చెప్పే పిల్ల కాదు. తొడుక్కుంది. కాసేపటికే పళ్లు టకటకలాడాయి, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. జాకెట్టు ఊడదీస్తే వీపు మీద ఎర్రటి మచ్చలు. నడవమంటే తుప్పు పట్టిన గేటులా కిర్రు కిర్రుమంటూ కదిలింది.

కోచ్ మేడం ఒంటికాలి మీద లేచింది. "బాబాయ్‌గారూ! ఈ పిల్లేమైనా చేపా? చల్లబరచమన్నానా, గడ్డకట్టించమన్నానా?"

"చేపైతే ఈపాటికి ఎంత బాగుండేదో," అని గొణిగాడు పెద్దాయన.

"మరీ చల్లగా తగిలితే చర్మం బిగుసుకుపోయి లోపలి వేడిని లోపలే పట్టేస్తుంది. కాళ్లకి తగిలితే కండలు మొద్దుబారిపోతాయి. చల్లగా ఉండాలి, అంతే. చలెయ్యకూడదు!"

ఐసు ఎక్కువవడం అనేది కూడా ఒకటుంటుందని ఆయనకి అప్పుడే తెలిసింది. రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. మూడో రోజు తనే ఐసు పొడి కొట్టే మిషను శుభ్రంగా కడిగి, "చెప్పమ్మా, ఏం చెయ్యాలో," అంటూ కోచ్ మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోనీలే, ఆ వయసులో అంత మాత్రం తగ్గడం కూడా గొప్పే.

అప్పట్నించి ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో మిట్టమధ్యాహ్నం సాధన మొదలైంది. ఒళ్లు ఎండకి అలవాటు పడాలట. కోడలు చుట్లు కొడుతుంటే ఆయన బల్ల దగ్గర నిలబడి అందించాలి. మెడకి చుట్టే ఐసు మూటకి గుడ్డల కన్నా పొడవాటి మేజోళ్లు మేలని తేలింది. ఇంట్లో పొడవాటి మేజోళ్లున్నది ఆయనకే. భార్య వాటిని మూడు సార్లు ఉతికి, వాసన చూసి, నాలుగోసారి ఉతికింది. అందించడం కూడా ఒక విద్యేనని ఆయనకి తెలీదు. గ్లాసు గట్టిగా పట్టుకుంటే రాదు, వదులుగా పట్టుకుంటే నిలవదు. మొదటి రోజు కోడలు అందుకున్న ఊపుకి ఐసు నీళ్లన్నీ వెళ్లి అత్తగారి మొహాన పడ్డాయి. ఆవిడ తుడుచుకుంటూ, "నాకైతే చల్లబడింది," అంది.

ఇంత జరిగినా కోడలు పెదవి విప్పి ఒక్క నవ్వు నవ్వలేదు. ఆ పిల్ల తీరే అంత. కాపరానికొచ్చి ఏడేళ్లయినా మామగారితో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు. "తిన్నారా మామయ్యా," "అలాగే మామయ్యా." మర్యాదకి లోటుండదు, ఇంకేమీ ఉండదు. పక్కింటి కోడలు తన మామగారిని బట్టతల మీద ఎంత ఆట పట్టిస్తుందో! గోడ అవతల ఆ నవ్వులు వినిపించినప్పుడల్లా ఈయనకి ఏదో వెలితి. పైకి చెప్పుకునేది కాదు, చెబితే నవ్వుతారు.

పోటీ దగ్గర పడ్డాక కోచ్ మేడం ఆయన్ని పక్కకి పిలిచింది. "ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. మెడ మీద ఐసు పెడితే మనిషికి హాయిగా ఉంటుంది. కానీ లోపలి వేడి పెద్దగా తగ్గదు. ఆ హాయిని నమ్మి ఇంకా జోరు పెంచిందనుకోండి, కొంప మునుగుతుంది. కిందటేడు ఐసు లేక పడింది, ఈసారి ఐసు ఉండీ పడొచ్చు. మీరు మనిషిని చూస్తూ ఉండండి. తూలినా, మాట తడబడినా, ఎప్పుడూ లేనట్టు ప్రవర్తించినా ఆపెయ్యాలి. వేడి పుట్టించేది కాళ్లే. అవి ఆగాలి, చేతులు మోచేతుల దాకా చల్లనీళ్లలో పెట్టాలి."

"ఆగమంటే ఆగుతుందా?"

"ఆగదు," అంది కోచ్ మేడం. "చెయ్యి పట్టుకుని ఆపారా, పోటీలోంచి తీసేస్తారు."

అది విన్న రాత్రి నుంచి పెద్దాయనకి అన్నం సరిగ్గా సయించలేదు.

పోటీ రోజు రానే వచ్చింది. దుకాణాలు మూయించి, వీధికి రెండు పక్కలా తాళ్లు కట్టి, కిలోమీటరు చుట్టు గీశారు. తెల్లారగానే మొదలెట్టాల్సింది. పెద్దమనుషుల ఉపన్యాసాలు అయ్యేసరికి సూర్యుడు నెత్తికెక్కాడు. ఆ పెద్దమనుషులని ముందు ఒక్క చుట్టు నడిపించి అప్పుడు మైకు ఇవ్వాలి, ఉపన్యాసం ఎంత పొట్టిగా ఉంటుందో చూద్దురుగాని!

కొడుకు ఐసు వ్యాను తెచ్చి చెట్టు నీడన ఆపి, సామాను దించి, మళ్లీ వ్యానెక్కి అద్దాలు మూసుకున్నాడు. కిందటేడు భార్య పడిపోవడం కళ్లారా చూసినవాడు. "అయిపోయాక పిలవండి," అన్నాడు. కోచ్ మేడం అవతలి మలుపు దగ్గరికి వెళ్లింది. ఇవతల బల్ల దగ్గర పెద్దాయన, ఆయన భార్య. జాకెట్టు ఈసారి బుద్ధిగా మెత్తగా ఉంది. కోడలు నీడలో అది తొడుక్కుని కూర్చుని, ఐసు పొడి నీళ్లు గుటక గుటకగా తాగి, పిలుపు రాగానే విప్పిచ్చి, "వెళ్లొస్తా మామయ్యా," అంది.

పక్క బల్ల అతని ఐసు పెట్టెలో పోటీ మొదలైన కాసేపటికే నీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. చెల్లెలు నడుస్తోందట, పాపం బిక్కమొహం వేశాడు. పెద్దాయన ఒక బకెట్టు ఐసు పొడి ఎత్తి అతని ముందు పెట్టాడు. "వాళ్ల అమ్మాయి మనమ్మాయికి పోటీ," అని భార్య మోచేత్తో పొడిచింది. "ఎండ అందరికీ ఒకటేగా," అన్నాడు ఆయన. మిగిలిన మేజోడు కూడా ఒకటిచ్చాడు.

చుట్టు తర్వాత చుట్టు. కోడలు చెయ్యి చాపడం, ఆయన అందించడం, పాత మేజోడు విసిరేసి కొత్తది మెడకి చుట్టుకుని సాగిపోవడం. కొందరు వంగిపోయారు, ఒకావిడ తాడు పట్టుకుని కూలబడింది. కోడలు మాత్రం ఏడో స్థానం నుంచి అయిదుకీ, అయిదు నుంచి మూడుకీ వచ్చేసింది. పెద్దాయన కాలు నిలవడం లేదు. ఇంకో అయిదు చుట్లు ఇలాగే గడిస్తే చాలు, అయిపోయినట్టే.

అప్పుడు జరిగింది అది. కోడలు గ్లాసు అందుకుంటూ గట్టిగా, "మామయ్యా, ఆ బొజ్జ కాస్త వెనక్కి లాగండి, దారికి అడ్డమొస్తోంది!" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. పెద్దాయన నోరు వెళ్లబెట్టాడు. తర్వాత ఆయన మొహం విప్పారింది చూడండి, అంత సంబరం తన పెళ్లిలో కూడా పడుండడు. "విన్నావా? విన్నావుటే? నా బొజ్జని అంది!" అంటూ భార్య భుజం కుదిపాడు.

మరుసటి చుట్టులో, "మామయ్యా, మీరూ వచ్చెయ్యండి! అత్తయ్యని ఇక్కడే వదిలేసి ఇద్దరం నడుచుకుంటూ ఎటైనా పోదాం!" అని పకపకా నవ్వింది. అత్తగారూ నవ్వింది. పెద్దాయన కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, వెళ్లిపోతున్న కోడలి వైపు మురిపెంగా చూశాడు.

చూసి, నవ్వు ఆపేశాడు. ఆ పిల్ల తాడు వైపుకి ఓ అడుగు తూలి సర్దుకుంది. ఇందాక గ్లాసు అందుకున్న చెయ్యి కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆ చెయ్యంతా రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఇంత ఎండలో ఒళ్లు జలదరించడమేమిటి?

ఏడేళ్లుగా వినాలని ఆశపడ్డ మాటలు అవి. వాటిని అన్నది తన కోడలు కాదు, దాని తలకెక్కిన వేడి.

"ఆపాలి," అన్నాడు.

భార్య మొహం పాలిపోయింది. "మూడో స్థానంలో ఉందండీ. ఆపితే ఇంకేముంది?"

"తెలుసు."

"కోచ్ మేడాన్ని అడగండి ముందు."

ఫోను చేశాడు. అవతల ఈలలూ కేకలూ, ఎవరూ ఎత్తలేదు. ఇంతలో మలుపు దగ్గర కోడలి ఎర్ర చొక్కా కనిపించనే కనిపించింది. పెద్దాయన పెద్ద బకెట్టు నిండా నీళ్లూ ఐసూ పోసి, బల్ల అంచుకి జరిపి, ఐసు మేజోడుని రెండు చేతులా గుండెకి అదుముకున్నాడు.

కోడలు నవ్వుతూ వచ్చింది. చెయ్యి చాపింది. చేతిలో ఏమీ పడలేదు.

"నిలబడితేనే ఐసు!" అని అరిచాడు పెద్దాయన.

రెండడుగులు ముందుకెళ్లి ఆగిపోయిందా పిల్ల. వెనక్కి తిరిగింది. "ఇవ్వండి!"

"నిలబడు. చేతులు ముంచు, ఇస్తాను."

"ఏం మనిషివయ్యా నువ్వు! పిచ్చా నీకు? నా పోటీ పాడు చేస్తావా? ఇవ్వు!" వీధి వీధంతా వినపడింది. న్యాయనిర్ణేత ఒకాయన పరిగెత్తుకొచ్చి, పెద్దాయన చేతులకేసి గుచ్చి చూస్తూ నిలబడ్డాడు. ముట్టుకుంటే తీసేస్తాడు. పెద్దాయన వేలు కూడా కదపలేదు. కోడలు కాళ్లు నేలకేసి కొట్టి, తిట్టి, చివరికి ఐసు మీద యావతో రెండు చేతులూ మోచేతుల దాకా బకెట్టులో ముంచింది.

"మన ఫ్యాక్టరీలో ఏం తయారవుతుందమ్మా?" అని అడిగాడు ఆయన.

ఆ పిల్ల ఆయన వంక అదోలా చూసింది. "చేపలు," అంది.

అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతలో పక్క బల్ల అమ్మాయి వాళ్లని దాటి వెళ్లిపోయింది. మెడ చుట్టూ ఈయన మేజోడు, అందులో ఈయన ఐసు. పెద్దాయన అటు చూడలేదు.

"ఇంకాసేపు. మళ్లీ చెప్పమ్మా. ఏం తయారవుతుంది?"

నీళ్లలో చేతులు, వంచిన తల. ఒక పాట పాడేంతసేపు జవాబు లేదు. తర్వాత తలెత్తింది. కళ్లలో ఇప్పుడు నవ్వు లేదు, నిప్పులున్నాయి. "ఐసు! ఐసు! ఐసు! చాలా?"

"చాలమ్మా, చాలు తల్లీ. మెల్లగా వెళ్లు," అంటూ ఆయన మేజోడు చాపాడు. దాన్ని చేతిలోంచి లాక్కుని వెళ్లిపోయింది.

మిగతా చుట్లలో ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. కొరకొరా చూస్తూ గ్లాసు అందుకునేది, అంతే. ఆ మౌనం చూసి పెద్దాయనకి ప్రాణం లేచొచ్చింది. తన కోడలు తనకి మళ్లీ దొరికింది. ఆఖరి చుట్టులో కోడలు కాస్త జోరు పెంచి, ముందున్న పక్క బల్ల అమ్మాయిని దాదాపు అందుకుంది కూడా. అందుకోలేదు. గీత దాటింది నాలుగో స్థానంలో. తన కాళ్ల మీద తను నిలబడి దాటింది.

కొడుకు వ్యాను దిగి పరిగెత్తుకొచ్చాడు. నీడలో తొట్టి నిండా చల్లనీళ్లు పోసి కోడల్ని అందులో కూర్చోబెట్టారు. కోచ్ మేడం ఆయాసపడుతూ వచ్చి జరిగిందంతా విని, కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "పడేదో లేదో నేనూ చెప్పలేను బాబాయ్‌గారూ," అంది చివరికి. "అక్కడ నేనుంటే ఆపగలిగేదాన్నో లేదో, అదీ చెప్పలేను." పెద్దాయనకి మంచి పని చేశావని ఎవరైనా ఒక్క మాట అంటే బాగుండునని ఉంది. ఎవరూ అనలేదు. దూరంగా మొదటి ముగ్గురికీ ఫోటోలు తీస్తున్నారు.

కాసేపటికి కోడలు పిలిచింది. "మామయ్యా."

ఆయన వెళ్లి తొట్టి పక్కన చతికిలబడ్డాడు.

"మీరు ఆపకపోతే నాకు మూడో స్థానం వచ్చేది."

"అవునమ్మా."

"నేను పడేదాన్ని కాదు."

"కాకపోవచ్చు."

"మరెందుకు ఆపారు?"

ఏవేవో చెప్పాలనుకున్నాడు. ఒళ్లు జలదరించడం గురించి, తూలడం గురించి, చేపల గురించి. "భయమేసింది," అన్నాడు.

కోడలి మొహం ముడుచుకుపోయింది. తొట్టిలోనే మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాలుగేళ్ల కష్టం, రావాల్సిన నాలుగేళ్లు, అన్నీ కలిపి ఏడ్చింది. అత్తగారు వీపు నిమిరింది. మొగుడు ఏం చెయ్యాలో తెలీక తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన అక్కణ్నించి లేవలేదు. తను చేసింది తప్పే అయితే, ఈ ఏడుపు బతికినన్నాళ్లూ తన చెవుల్లోనే ఉంటుందని ఆయనకి తెలుసు.

ఏడుపు ఆగాక ఆ పిల్ల మొహం కడుక్కుని, మొగుడి చేతిలో తువ్వాలు లాక్కుంది. "వచ్చే నెల ఇంకో పోటీ ఉంది. చిన్నదే. ఈసారి బల్ల దగ్గర మీ అబ్బాయిని నిలబెడదామంది కోచ్ మేడం, మీరు అలిసిపోయారని."

"మంచిదేనమ్మా," అన్నాడు పెద్దాయన, నేల చూపులు చూస్తూ.

"ఏం మంచిది? నేను కళ్లెర్రజేస్తే చాలు, ఈయన ఉన్న ఐసంతా నా చేతిలో పెట్టేస్తాడు," అంది కోడలు. ఇంకా కోపంగానే ఉంది. "మీ మీద కోపం ఇప్పట్లో పోదు నాకు. ఎన్నాళ్లుంటుందో కూడా తెలీదు. కానీ అక్కడ మీరే ఉండాలి మామయ్యా. ఇంకెవరున్నా నేను నడవను."

పెద్దాయన తడిసిన చొక్కా చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. "అలాగేనమ్మా," అన్నాడు.